ముక్కు ముందు పట్టు పోగు

ధర్మవరంలో మా పక్కింటి పిన్నమ్మ దేన్నీ ఊరికే నమ్మేది కాదు. జరీని గోటితో గీకి చూసేది, ఎండిన శనక్కాయను చెవి దగ్గర ఊపి చూసేది. అలాగని నాస్తికురాలు కాదు. పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ ముట్టదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో నాస్తికుణ్ణయిన నాకు అంతుపట్టేది కాదు.

తొంభైల్లో ఒక చలికాలం ఆమె పెంచుకునే కుందేలుకు రొంప పట్టింది. ముక్కు మూసుకుపోయి, గురకపెడుతూ మేత మానేసింది. పశువుల డాక్టరు చుక్కల మందిచ్చి, ముక్కు శుభ్రంగా ఉంచమన్నాడు. ఆమె గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, ముక్కు ముందు ఒక పట్టు పోగు పట్టుకునేది. పోగు కదిలితే ఊపిరి ఆడుతున్నట్టు.

"పసిబిడ్డలకు పెట్టినట్ల సాంబ్రాణి పొగ పెట్టు, దిగిపోతాది," అంది వాళ్ల అత్త.

నేను వాదానికి లేచాను.

"ఉండప్పా, చూస్తాం," అని పిన్నమ్మ కుందేలు దగ్గరికి పొగ తెచ్చి, ముక్కు ముందు పోగు పట్టింది. కుందేలు తుమ్మి, ముక్కు బిగిసిపోయి నోరు తెరిచింది. పోగు కదలడం మానేసింది.

"అత్తా, నువ్వే చూడు."

ముసలామె చూసి, నిప్పుల మూకుడు తానే బయట పెట్టింది.

మందు సాగింది. కుందేలు మళ్లీ కొత్తిమీర కొరికిన రోజు నేను ఊరుకోలేక, "మందే కదా బతికించింది, ఇప్పుడన్నా దేవుడు లేడని ఒప్పుకుంటావా పిన్నమ్మా?" అన్నాను.

"కుందేలుకు ఊపిరాడేది చూసేకే నాకు పొద్దు చాల్లేదప్పా. దేవునికి ఆడతాండాదో లేదో నువ్వు చూసుకో," అంది.