ఏ నామమున

జ్ఞానప్రకాశాన్ని తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరూ మాస్టారూ అంటారు. గుంటూరు మిషన్ హైస్కూల్లో పదకొండేళ్ళు చరిత్ర పాఠం చెప్పిన మనిషి కాబట్టి ఆ పిలుపు న్యాయమైనదే. కాకపోతే సిడ్నీలో అది ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకానే చెల్లుతుంది. మిగతా వారమంతా ఆయన ఒక గోడౌన్లో స్కానర్ పట్టుకుని పెట్టెలు ఏరుతుంటాడు. అక్కడ ఆయన పేరు జాన్. అలా పిలవడం ఎవరు మొదలుపెట్టారో ఆయనకే గుర్తులేదు. కాదని చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది.

ఈ దేశానికి కుటుంబాన్ని తెచ్చింది భార్య సుగుణ. ఆమె నర్సు. వీసా వచ్చింది ఆమె ఉద్యోగం మీద, ఇక్కడే ఉండిపోయేందుకు పీఆర్ వచ్చింది ఆమె ఉద్యోగం మీద, హారిస్ పార్క్ స్టేషన్ దగ్గరి రెండు గదుల ఫ్లాటు కూడా ఆమె ఉద్యోగం మీదే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా ఆయన చెవుల్లో మోగుతూనే ఉంటుంది. అందుకని ఆ ఆదివారం మూడు గంటలూ ఆయనకు ప్రాణం.

సహవాసం అంటే నలభై కుటుంబాలు. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు, ఏ సంఘమో చెప్పలేనివాళ్ళు, అందరూ అద్దెకు తీసుకున్న ఒక స్కూలు హాల్లో కలిసి పాడేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లే అన్నేళ్ళు నిలిచిందని ఇప్పుడైతే ఎవరైనా చెబుతారు.

క్రైస్తవ సంఘాల తొలి మహాసభ అయిన నైసియా సభకు పదిహేడు వందల ఏళ్ళు నిండిన సంవత్సరం వచ్చింది. ఆ చరిత్ర చెప్పడానికి మాస్టారు నాలుగు ఆదివారాలు అడిగి తీసుకున్నాడు. ఆ నాలుగు వారాలూ ఆయన ముఖం చూసి తీరాల్సిందే. అరియస్ అనే అలెగ్జాండ్రియా సంఘపెద్ద, కుమారుడైన క్రీస్తు లేని కాలం ఒకటుండేదని ఎలా అన్నాడో, తండ్రి చేసినవాడు తండ్రితో సమానుడు ఎలా అవుతాడని ఎలా వాదించాడో చెప్పాడు. ఓడ సరంగులూ, పిండి విసిరేవాళ్ళూ కూడా ఆ వాదాన్ని పాటలుగా పాడుకున్నారని చెప్పాడు. చక్రవర్తి పిలిస్తే బిషప్పులు వందలుగా చేరి, కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని తేల్చి, అరియస్‌ను దేశం నుంచి వెళ్ళగొట్టిన ముచ్చటా చెప్పాడు. అంతకు నూరేళ్ళ ముందు సబెల్లియస్ అనేవాడు దీనికి ఎదురు తప్పు చేశాడట. తండ్రీ కుమారుడూ ఒక్కరే, వేషాలే వేరు అన్నాడట.

"ఒకడు విడదీశాడు, ఒకడు కలిపేశాడు. సంఘం ఇద్దర్నీ గడప దాటించింది," అన్నాడు మాస్టారు.

ఆ మాట అంటూ ఆయన చూసింది వెనక వరసలో కూర్చున్న అఖిల్ వైపు. మాస్టర్స్ చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుర్రాడు, గిటారు వాయిస్తాడు. యేసే తండ్రి, యేసే సమస్తం అని, యేసు నామంలో ఇచ్చే బాప్తిస్మమే అసలైనదని నమ్మే సంఘంలో పెరిగాడు. వాడి ప్రార్థన కూడికకు పాతికమంది వస్తుంటే, మాస్టారి బైబిలు స్టడీకి నలుగురు వచ్చేవారు. అందులో ఒకరు సుగుణ. సబెల్లియస్ మీద మాస్టారి కోపానికి ఆ లెక్కే కారణం అంటే ఆయన ఒప్పుకోడు. నేను మాత్రం అదే అంటాను.

నాలుగో ఆదివారం అయ్యాక ఆయన ఒక విశ్వాస ప్రకటన రాసి పాస్టర్ నెహెమ్యా చేతిలో పెట్టాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మం పొందినవారికే ప్రభువు బల్ల. మిగతావారు రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదు. దానికి ఒక ఫారం కూడా తయారుచేశాడు. బాప్తిస్మం పొందిన తేదీ, స్థలం, ఏ నామమున. నెహెమ్యా మెత్తని మనిషి, కాదనడం చేతకాదు. సరే మాస్టారూ అన్నాడు.

ఫారాలు ఇవ్వాల్సిన ఆదివారానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, సుగుణ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన ఫారం నింపింది. మాస్టారు ఊరికే దాని మీదికి వంగి చూశాడు. ఏ నామమున అన్న చోట "యేసు నామమున" అని ఉంది.

"ఇదేంటి?"

"బందరు కాలవలో ఇచ్చారండీ. మా అమ్మ ఆ సంఘంలో ఉండేది. నాకప్పుడు పదిహేడేళ్ళు."

ఇరవై ఏడేళ్ళ కాపురం. నాలుగో శతాబ్దంలో ఎవరు ఏ ఊరి బిషప్పో తడుముకోకుండా చెప్పగల మనిషి, భార్య ఏ నీళ్ళలో ఏ పేరున మునిగిందో ఒక్కసారీ అడగలేదు.

"మూడు పేర్లూ రాసెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవడెళ్ళి బందరు కాలవని అడుగుతాడు?"

"చార్టులో జరగనిది రాయడం నాకు రాదండీ," అంది సుగుణ, ఫారం మడుస్తూ.

మర్నాడు కూడిక అయ్యాక, సుగుణ ఇచ్చిన ఫారం చూసిన పాస్టరు మాస్టారిని పక్కకు పిలవాలనుకున్నాడు. కానీ అఖిల్ లేచి అందరిలో అడిగేశాడు. "పాస్టర్ గారూ, సుగుణ ఆంటీది కూడా నా లాంటి బాప్తిస్మమే అని ఆంటీయే చెప్పారు. మరి ఆంటీకి కూడా బల్ల లేదా?"

నెహెమ్యా చెమట తుడుచుకున్నాడు. "మాస్టారూ, రాసింది మీరు. ఆ నియమం తీసేద్దామంటే ఇప్పుడే తీసేద్దాం. మీరు చెప్పండి."

తీసేద్దాం అంటే చాలు. అక్కడున్న నలభై కుటుంబాలూ ఊపిరి పీల్చుకుని భోజనాలకు లేచేవి. కానీ ఎదురుగా అఖిల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తగ్గితే వచ్చే ఆదివారం నుంచి తాను పది గంటలకు కూడా జాన్ అయిపోతాడనిపించింది మాస్టారికి.

"మనం పెట్టింది కాదిది," అన్నాడు. "నైసియా సభ పంతొమ్మిదో నియమంలోనే ఉంది. త్రిత్వాన్ని సరిగా ఒప్పుకోని సంఘాల నుంచి వస్తే, అలాంటివాళ్ళు మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలి."

సుగుణ వంటగిన్నెల దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నెహెమ్యా ఆమె దగ్గరకు వెళ్ళి, "అమ్మా, ఇంకోసారి తీసుకుంటే అయిపోద్ది కదా," అన్నాడు.

"మళ్ళీ మునిగితే మొదటిది అబద్ధమైపోద్దండీ," అంది ఆమె. "యేసయ్య పేరు చెప్పి ముంచారు. తండ్రిని కాదనుకుని నేను మునగలేదు." తర్వాత అందరికీ అన్నం వడ్డించింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో కూతురు రుచిత నోరు విప్పింది. యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. "యూ కాల్డ్ మమ్ అలాంటివాళ్ళు, డాడ్," అంది. ఆ ఒక్క తెలుగు మాటా తప్పులేకుండా పలికింది. ఆ తర్వాత ఆ హాలుకు రాలేదు.

అఖిల్ పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు గెలిచాడు. సుగుణ వెళ్ళలేదు. బల్లకు కావలసిన రొట్టె ముక్కలు పద్దెనిమిదేళ్ళుగా కోసేది ఆమే. ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం, మునుపటిలాగే కోసి డబ్బాలో సర్దేది. ఆదివారం పళ్ళెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేది. చిన్న ప్లాస్టిక్ గ్లాసులు కడిగేది. మాస్టారు పక్కనే కూర్చుని తినేవాడు, తాగేవాడు. అయిదు నెలలు ఇలాగే గడిచింది. ఆమె ఒక్క మాట అనలేదు. అంటే జవాబు చెబుదామని ఆయన చాలా చదివి పెట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో కెల్లీవిల్ నుంచి ఒక డాక్టరు కుటుంబం వచ్చింది. గుండె డాక్టరు, పెద్ద మాటకారి, హాలుకు మంచి మైకులు కూడా తెచ్చాడు. ఆయనదీ, ఆయన భార్యదీ యేసు నామ బాప్తిస్మమే. ఈసారి ఫారం ఎవరూ ఇవ్వలేదు. కమిటీ కూర్చుని, విశ్వసించినవారందరికీ బల్ల ఉంటుందని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ సమావేశానికి మాస్టారిని పిలవనే లేదు. వెళ్ళగొట్టిన అరియస్‌ను కొన్నేళ్ళకు అదే చక్రవర్తి వెనక్కి పిలిపించాడని ఆయన నాలుగో ఆదివారం చెప్పి ఉన్నాడు. ఎవరూ నోట్సు రాసుకోలేదు.

మార్చి మొదటి ఆదివారం పళ్ళెం వచ్చింది. డాక్టరు తీసుకున్నాడు, ఆయన భార్య తీసుకుంది. పళ్ళెం సుగుణ చేతికి వచ్చింది. ఆమె దాన్ని భర్త వైపు జరిపింది.

"తీసుకో సుగుణా," అన్నాడు మాస్టారు గుసగుసగా. "ఇప్పుడెవరూ అడగరు."

"అడిగినప్పుడు మీరు చెప్పారు కదండీ," అంది ఆమె.

ముందు నుంచి పాస్టరు చూస్తున్నాడు, డాక్టరు చూస్తున్నాడు. మాస్టారు ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నిన్న సాయంత్రం ఆమె కోసిన ముక్క, వేలి గోరంత ఉంటుంది. గ్లాసు వచ్చేదాకా దాన్ని నములుతూనే ఉన్నాడు.