బంగారు గనుల దగ్గర పట్టుబడ్డ మా అవుసుల తాత

పోయిన నెల ఒకనాటి పొద్దున బడి గంట కొట్టకముందే అవుసుల తాత పోయాడన్న కబురు వచ్చింది. మా వీధిలో పాలు పోసే మనిషి కిటికీ దగ్గర నిలబడి, "పంతులూ, అవుసుల తాత లేడిగ. కుంపటి రాజేసుకుంటనే ఎనుకకు ఒరిగిండట" అన్నాడు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలకు సెలవని చెప్పి బయలుదేరాను. సెలవు ఇచ్చే అధికారం నాకు లేదని సగం దారిలో గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు.

సిద్దిపేట బజారులో ఆయన దుకాణమూ మా ఇల్లూ ఎదురెదురు. మా వైపు బంగారం పనిచేసేవాళ్లను అవుసులవాళ్లంటారు. ఆయనకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఊళ్లో సగం మందికి తాత, నాకూ తాతే.

ఆయన సంగతి తెలియనివాళ్లకు ముందుగా ఒకటి చెప్పాలి. అవుసులాయన ఎంత మంచివాడైనా, బంగారం అతని చేతిలో పెట్టినవాళ్లు గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. తాతకు ఆ చూపంటే ఒళ్లు మండేది. అందుకని ఒక కట్టడి పెట్టుకున్నాడు. బంగారం తెచ్చిన మనిషి ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తుండాలి. అప్పుడే పని. సాయంత్రం పని సగంలో ఆగితే, ఆ మనిషి ముందే తూచి, మూటగట్టి, పెట్టెలో పెట్టేవాడు. "నీ బంగారం నీ కండ్ల ముంగటనే కరగాలె" అనేవాడు.

ఒక ఎండాకాలం మా అమ్మ నా చెల్లెలి కమ్మల కోసం పోయి ఆ పీట మీద కూర్చుంది. మధ్యాహ్నం భోజనం చేసి పోయిందేమో, కుంపటి సెగకు కునుకు పట్టింది. తాత ఊదుగొట్టం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అమ్మ లేచేసరికి నీడలు సాగాయి, కుంపటి చల్లారింది, కమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"లేపరాదయ్యా? పొద్దంత పోయె" అని అమ్మ కోప్పడింది.

"నిద్రవోతున్న మనిషిని లేపుడు పాపం. నిద్రవోతున్న మనిషి బంగారం ముట్టుడు ఇంకా పాపం. రేపు రా బిడ్డా, తినకుంట రా" అన్నాడు తాత.

మర్నాడు అమ్మ నిజంగానే తినకుండా పోయింది. ఆ కోపం మాత్రం ఏడాదిపాటు దాచుకుంది.

ఆయనకు రెండో పట్టింపు దుమ్ము. అరగదీసినప్పుడు రాలే బంగారపు పొడి నేల మీద పడుతుంది, బట్టలకు అంటుతుంది. అందుకని ఆ దుకాణంలో చీపురు ఆయన తప్ప ఎవరూ పట్టకూడదు. ఊడ్చిన దుమ్మంతా ఒక కుండలోకి పోయేది. ఏడాదికోసారి దుమ్ము కడిగేవాళ్లు వచ్చి, నీళ్లలో గాలించి, అందులోంచి గింజంత బంగారం తీసేవాళ్లు. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్లు లేవబోతే, "ఒక్క నిమిషం ఆగుండ్రి" అని చిన్న కుంచెతో వాళ్ల ధోవతులు, చీర కుచ్చిళ్లు దులిపేవాడు. ఒకసారి తహసీల్దారు షేర్వాణీ కూడా దులిపాడు. అవ్వ, అంటే ఆయన భార్య, ఆయన ధోవతి విదల్చకుండా ఉతకడానికే పెళ్లి చేసుకున్నానని వాపోయేది.

ఇక గనుల సంగతి. యుద్ధం రోజుల్లో మేమిద్దరం తిరుపతి వెళ్లాం. అవ్వకు మోకాళ్ల నొప్పులు, కొండెక్కలేనంది. కాగితాలు చదవడానికీ టికెట్లు కొనడానికీ తాత నన్ను వెంటబెట్టుకున్నాడు. ఇద్దరం గుండ్లు చేయించుకుని, గంధం పూసుకుని సత్రానికి వచ్చాక, అక్కడెవరో కోలారు బంగారు గనులు ఇక్కడికి ఎంతో దూరం లేవన్నారు. ఇక తాత కాలు నిలవలేదు.

"దేవుణ్ణి చూసినం, దేవుని మీది బంగారం చూసినం. ఇగ బంగారం తల్లిగారిల్లు గూడ చూసి పోదాం, పంతులూ."

"నా సెలవు అయిపోతుంది తాతా."

"అరువై ఏండ్లసంది దాని మొకం చూసుకుంట బతుకుతున్న. అదేడ పుట్టిందో తెల్వకుంటనే సస్తే ఎట్ల?"

ఇట్లా అడిగితే ఎవరు కాదనగలరు? రెండు రైలుబండ్లు మారి, బౌరింగుపేటలో గనులకు పోయే చిన్న బండెక్కి, పొద్దెక్కేసరికి అక్కడ దిగాం.

అటువంటి ఊరు నేను అంతకుముందు చూడలేదు. ఒక పక్కన దొరల బంగళాలు, పూలతోటలు, చర్చి, క్లబ్బు. ఇంకో పక్కన వరసలు వరసలుగా కూలివాళ్ల తడకల గుడిసెలు. మధ్యన ఇనుప గోపురాల మీద పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతున్నాయి. వాటి తాళ్లకు కట్టిన పంజరాల్లో మనుషులను మైలు పైన లోతుకు దించుతారట. నేను నోరు తెరుచుకుని ఆ చక్రాలనే చూస్తుంటే, తాత దారిన పోయే ఆడవాళ్ల మెడలు చూస్తున్నాడు. తన్నులు తినిపిస్తాడేమోనని నాకు భయం వేసింది.

"తాతా, గట్ల చూడకు" అని చెయ్యి పట్టుకుని లాగాను.

"ఒక్కదాని మెడల గూడ గురిగింజెత్తు లేదు, పంతులూ. అన్నీ పసుపుతాళ్లే. మగ్గం నేసే మన దుబ్బాక సాలోళ్ల ఆడోళ్లు నయం" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసేపు నాకూ చక్రాలు కనిపించలేదు, మెడలే కనిపించాయి.

క్లబ్బు వెనక పచ్చిక మైదానంలో ఇద్దరు దొరలు వంగి గడ్డిలో ఏదో వెతుకుతున్నారు. బంగారపు ఊళ్లో మనిషి వంగి వెతికితే అవుసులాయనకు ఏమనిపిస్తుంది? నేను వారించేలోపే తాత కంచె దూరి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క గడ్డిపరకనూ తప్పిస్తూ గాలించడం మొదలుపెట్టాడు. చివరికి దొరలు కర్రలతో కొట్టి ఆడుకునే తెల్లటి చిన్న బంతి దొరికింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో గీసి, రెండు చేతులా దొరకు అందించాడు. దొర సంతోషించి టోపీ ఎత్తాడు. కంచె ఇవతలికి వచ్చాక తాత మెల్లగా, "వట్టిదే. పాపం, వాళ్లకు తెల్వదు" అన్నాడు.

అంతటితో తిరిగి వచ్చి ఉంటే ఈ కథే లేదు. ఊరి అంచున తెల్లటి గుట్టలు కనిపించాయి. అవేమిటని టీ కొట్టతన్ని అడిగితే, రాయిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన దుమ్మని, ఏళ్ల తరబడి అక్కడ పారబోస్తున్నారని చెప్పాడు.

"పారబోసిన్రా?" అన్నాడు తాత. నలభై ఏళ్లుగా భార్యను ధోవతి విదల్చనివ్వని మనిషి ఆయన. టీ గ్లాసు కింద పెట్టి నడక అందుకున్నాడు. నేను వెనక పరుగెత్తి చేరుకునేసరికి గుట్ట మొదట్లో కూర్చుని పిడికెడు దుమ్ము అరచేతిలో రుద్ది చూస్తున్నాడు.

"అంత పెద్ద దొరలకు గింత బుద్ధి లేకపాయె. కడుగకుంట ఎవడన్న పారవోస్తడా? ఊరికి తీస్కపోయి కడిగి చూపిస్త" అంటూ కండువా పరిచి దుమ్ము ఎత్తడం మొదలుపెట్టాడు. పారేసిన దుమ్ము ఎత్తితే తప్పు ఉంటుందని ఆయనకు తోచనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. కండువా ఒక కొస నేనే పట్టుకున్నాను.

మూటతో పది అడుగులు వేశామో లేదో, కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. చిత్తూరు వైపు మనిషి, మాట మెత్తనే.

"ఏం సామీ, మూటలో ఏముండాది?"

"దుమ్ము నాయినా."

"దుమ్మయినా గనిదే కదా. చెప్పకుండా ఎత్తుకపోతే దొంగతనమంటారు. రాండి, ఆఫీసు కాడికి."

దొంగతనం అన్న మాట విన్నాక తాత మొహంలో నెత్తురు లేదు. మూట రెండు చేతులా పట్టుకుని కావలివాడి వెనక ఆఫీసు మెట్లెక్కాడు. ఆయన భయం జైలు గురించి కాదు. అవుసులాయన బంగారు గనుల దగ్గర దొంగగా దొరికాడన్న మాట సిద్దిపేట చేరిందంటే, ఎదుటి మనిషిని పీట మీద కూర్చోబెట్టి చేసిన అన్నేళ్ల పనీ బూడిదేనని ఆయనకు తెలుసు.

లోపల బల్ల దగ్గర ఒక దొర ఉన్నాడు. నాది పిల్లల ముందు మాత్రమే ధైర్యంగా వచ్చే ఇంగ్లీషు. దానితోనే గంధం గుండ్లూ, తిరుపతీ, దుమ్ము కుండా అన్నీ కలిపి చెప్పాను. దొర విన్నాడు. నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. ఆ దుమ్మును విషపు నీళ్లలో నానబెట్టి బంగారమంతా ఎప్పుడో లాగేశామని, ఆ మూట అక్కడే వదిలి చేతులు కడుక్కుని పొమ్మని అన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. తాత మాత్రం కదల్లేదు.

"పంతులూ, నేను దొంగను కాదని అన్నడా?"

"నవ్విండు గద తాతా. పొమ్మన్నడు."

"నవ్విండు గని, కాదనలే."

దొరను మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికీ నాకు అదే బాధ. తాత బయటికి వచ్చి, కావలివాణ్ణి వెంట పిలుచుకుని, మూటతో గుట్ట దగ్గరికే తిరిగి వెళ్లాడు. మూట విప్పి పారబోసి, కండువా నాలుగు కొసలూ దులిపాడు. ధోవతి మడతలు విప్పి విదిల్చాడు. గోళ్లలోని మట్టి పుల్లతో తీశాడు. గుండు మీద చెమటకు తడిసిన గంధానికి అంటుకున్నదీ గోకి పోశాడు. ఆ తర్వాత నా గుండు కూడా వంచమన్నాడు. "ఇగ చూస్కో నాయినా, మీది మీకు ముట్టింది" అన్నాడు. కావలివాడు పాపం ఎటు చూడాలో తెలియక, "పోండి సామీ, పోండి" అంటూ మమ్మల్ని స్టేషను దాకా దిగబెట్టాడు.

తిరుగు బండెక్కాం. కూర్చోగానే, "ఈ సంగతి నా నోట రాదు తాతా" అని ప్రమాణం చేశాను. తాత కండువాను కిటికీ బయట మళ్లీ ఒకసారి దులిపాడు.

సిద్దిపేటలో దిగిన మర్నాడు దుకాణం తెరిచాడు. దుబ్బాక నుంచి ఒక సాలాయన పుస్తెలు చేయించడానికి వచ్చి పీట మీద కూర్చుని మూట విప్పబోయాడు. తాత ఆపాడు.

"ముందుగాల ఒక మాట విను. నన్ను బంగారు గనుల కాడ దొంగని వట్టుకున్నరు. గిది ఇన్నంక ఇస్తనంటే ఇయ్యి."

సాలాయన మూట మళ్లీ కట్టుకుని లేచిపోయాడు. ఆ రోజు మొదలు, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట. కుంపటి నెలకు పైగా సరిగా రాజలేదు. అవ్వ నెత్తి కొట్టుకుంది: "నీ మీద నువ్వే డప్పు కొట్టుకునుడేందయ్యా? నిన్నెవలన్న అడిగిన్రా?"

"అడిగెదాంక ఆగితే అది దాసుకున్నట్టే గదనే" అన్నాడు తాత.

అసలు బాధ నాది. వచ్చినవాళ్లు ఇదంతా పరాచికమనుకుంటే, నిజమేనని చెప్పడానికి నన్ను బడి నుంచి పిలిపించేవాడు. చిన్నకోడూరు రైతు ఒకడు నమ్మనంటే, లెక్కలు చెబుతున్నవాణ్ణి లేచి వచ్చి, అవును, పట్టుకున్నారు, నేను చూశాను అని సాక్ష్యం చెప్పాను. "అయితే దొర నవ్వి..." అని ఇంకేదో కలపబోతే తాత కసిరేవాడు: "గది నిన్ను అడుగలే." క్రమంగా జనం ఆ కథ వినడానికే రాసాగారు, విని నవ్వి బంగారం ఇచ్చి పోసాగారు. నవ్వని మనిషి తాత ఒక్కడే.

నల్లబల్ల మీద తప్పు రాస్తే చప్పున తుడిచేసే అలవాటు నాకు ఉండేది. ఇప్పుడు పిల్లలకు చూపించి, నేనే తప్పు రాశానని చెప్పి తుడుస్తున్నాను. ఇది నేర్పినందుకు ఆయనకు దండం పెట్టాల్సింది. బతికుండగా పెట్టలేదు.

దినాలైన మర్నాడు అవ్వ దుకాణం తెరిపించి, పని సగంలో ఆగినవాళ్లందరికీ కబురు పెట్టింది. పదిమంది దాకా వచ్చారు. ఆవిడ ఆయన జాగాలో కూర్చుని, పెట్టెలోంచి మూటలు తీసి, త్రాసు పట్టుకుంది. "చూసుకొని తీస్కపోండ్రి" అంది. ఒక్కరూ చూడలేదు. మొదట ఒక ముసలామె పీట మీదే అటు తిరిగి కూర్చుంది. ఆమెను చూసి పక్కవాళ్లూ తిరిగారు.

"ఇటు చూడుండ్రి, ఆయన నన్ను తిడ్తడు" అని అవ్వ బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. ఎవరూ తల తిప్పలేదు. చివరికి ఆవిడ ఒక్కొక్క మూటా తూచి, తూకం గట్టిగా పైకి చెబుతూ పోయింది. ఆ పదిమందీ త్రాసుకు వీపులు పెట్టి, వరసగా, బజారు వైపు చూస్తూ కూర్చున్నారు.