పాత సీసాకి కొత్త పాలపీక

చెప్పకుండా దాచిన మాట ఒకటి చాలా ఏళ్ళుగా నాతోనే ఉంటోంది. ఇలాంటివాటిని బరువు అంటారు అందరూ. నాకది బరువులా ఉండదు. వాంతికి ముందు నోట్లో ఊరే నీళ్ళలా ఉంటుంది. మింగుతాను. మళ్ళీ ఊరుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇంతవరకూ వచ్చేదే కాదు.

బందరులో మాది పసిపిల్లల సామాన్ల కొట్టు. దోమతెరలు, పౌడర్లు, గిలక్కాయలు, పాలసీసాలు. మావారు సరుకు తెచ్చేవారు, నేను కౌంటర్లో కూర్చునేదాన్ని. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయిల తల్లులు ఏది మంచిదో నన్నడిగి కొనేవారు. అలా అడిగించుకోవడం నాకెంత ఇష్టమో! పెద్ద డాక్టరమ్మలా కళ్ళజోడు సర్దుకుని మరీ చెప్పేదాన్ని.

ఒకరోజు విజయవాడ నుంచి సరుకు వేసే అతను వచ్చి, అద్దంలా మెరిసే గట్టి ప్లాస్టిక్కు సీసాలు ఇక అమ్మకూడదన్నాడు. వాటిలో ఏదో రసాయనం ఉందట. వేడి తగిలితే పాలల్లోకి దిగుతుందట, పసిపిల్లలకి మంచిది కాదట. సీసా అడుగున ముక్కోణంలో ఏడు అంకె ఉంటే అనుమానించమని తిప్పి చూపించాడు. కొత్త రకం ఇచ్చి వెళ్ళాడు గానీ పాతవి వెనక్కి తీసుకోనన్నాడు. మా అటక మీద అట్టపెట్టెల నిండా పాతవే ఉన్నాయి.

మా అమ్మాయి అత్తవారిది గుడివాడ. మనవరాలు అప్పటికి నెలల పిల్ల. మర్నాడే బస్సెక్కి వెళ్ళి, అంతకుముందు నేనే ఇచ్చిన సీసాలు తీసి చెత్తబుట్టలో పడేసి, రెండు గాజు సీసాలు అమ్మాయి చేతిలో పెట్టాను. ఎందుకో విడమర్చి చెప్పాను కూడా. కాబట్టి తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు. తెలుసు. బస్సెక్కి వెళ్ళి మార్చి వచ్చేంత బాగా తెలుసు.

తిరిగొచ్చి ఏం చేశానో వినండి. మధ్యాహ్నం తలుపులు దగ్గరగా వేసి, మావారు భోంచేసి కునుకు తీసే వేళ పెట్టెలు దింపుకుని కూర్చున్నాను. బ్లేడుతో ఒక్కో సీసా అడుగున ఉన్న ఏడంకె గీకేశాను. తెల్లటి పొడి ఒళ్ళో రాలేది. చీర దులుపుకుని ఇంకోటి అందుకునేదాన్ని. హానికరమైన రసాయనాలు లేవని రాసి ఉన్న కొత్త సీసాల కవర్లు ఊడదీసి ఈ పాతవాటికి తొడిగాను. కవరు లేకపోయినా కొత్తవి నా మాట మీద ఎలాగూ అమ్ముడుపోతాయి. ఈ ఆలోచన నాకు ఎవరూ చెప్పలేదు, మావారికి కూడా తెలియదు. చేతులు వణికాయని, సగంలో ఆపేశానని రాయగలిగితే బాగుండేది. వణకలేదు. రేడియోలో పాటలు వింటూ గీకాను.

అప్పుడొచ్చింది నాంచారమ్మ. అసలు పేరు అది కాదు. నాగాయలంక అవతల సముద్రం మీద బతికే కుటుంబం. ఎండుచేపలు బందరు తెచ్చి అమ్ముకుని, బస్సు వచ్చేదాకా మా కొట్టు మెట్ల మీద కూర్చునేది. ఆమె పెద్దకూతురు అప్పుడు బాలింత. పాలు పడలేదు, డబ్బాపాలు పట్టమన్నారు. కవరు మీది రాత వైపు ఆమె చూడనైనా చూడలేదు. నా ముఖం వైపు చూసింది.

“మీ మనవరాలికి ఏది పడతన్నారమ్మగారూ?”

“ఇదే,” అన్నాను.

“అయితే ఇదే ఇయ్యండి. మీ పాప తాగిందే మా పాపా తాగుద్ది.”

అక్కడితో ఆగానా? లేదు. సీసాని రోజూ మరిగే నీళ్ళలో బాగా ఉడికించమని, అలా చేశాక గాని పాలు పోయవద్దని జాగ్రత్తలు చెప్పాను. వేడి తగిలితేనే దిగుతుందని చెవులారా విన్నదాన్ని! ఆ మాట అలవాటుగా నోటికి వచ్చిందా, ఎంత మంచిదో అనిపించుకోవాలన్న కక్కుర్తితో వచ్చిందా? ఆమె మాత్రం తల ఊపుతూ శ్రద్ధగా వింది.

తర్వాత ఆ ఊరి ఆడవాళ్ళు ఒకరి వెంట ఒకరు వచ్చారు. “అమ్మగారి మనవరాలి సీసా” కావాలని అడిగేవారు. ఒక్కరికి కూడా లేదనలేదు. అటక ఖాళీ అయింది.

ఎవరికైనా ఏమైనా అయిందా? తెలియదు. ఏ జబ్బు ఎందువల్ల వచ్చిందో ఎవరు తేల్చగలరు? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న చాటునే నక్కి కూర్చున్నాను. ఎవరికీ ఏమీ కాలేదేమో అని ఆశపడతాను, ఆ ఆశ కూడా ఆ పిల్లల మీద జాలితో కాదు, నేను తప్పించుకోవడానికే అని తెలిసి నా మీద నాకే రోత పుడుతుంది. ఛీ! మా మనవరాలి దగ్గర ఈ తేల్చడాలన్నీ ఎక్కడికి పోయాయి? అప్పుడు ఒక్కరోజైనా ఆగానా?

మొన్న నాంచారమ్మ మళ్ళీ వచ్చింది. కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను కాలక్షేపానికి కూర్చుంటాను. ఆమె జుట్టు నెరిసింది. చంకలో రెండో కూతురి బిడ్డ. సంచిలోంచి పాతచీర ముక్కలో చుట్టినదేదో తీసి విప్పింది. అదే సీసా. మసకబారి, గీతలు పడి ఉంది. పెద్ద మనవరాలు పాలు మానేశాక కడిగి దాచిందట.

“పాలపీకొకటి ఇయ్యండమ్మగారూ. సీసా గట్టిగానే ఉంది.”

“పాతబడిపోయింది, పారెయ్యి. కొత్తది ఊరికే ఇస్తాలే,” అన్నాను.

“పారెయ్యడమేంటండీ! మీ పాప తాగిన రకం. మీ చలవ వల్లే మా పెద్దది రోగం రొష్టూ లేకుండా పెరిగింది.”

గాజు సీసా తీసి చేతిలో పెట్టాను. పిల్ల చేతిలో పగులుద్దని నవ్వుతూ వెనక్కిచ్చేసింది. కారణం చెప్పకుండా పారెయ్యమంటే ఎవరు పారేస్తారు? కారణం నా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మా అబ్బాయి ఉన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ముందు నా ముఖం ఎలా ఉంటుందో అనుకున్నాను. చంకలో పిల్ల నన్నే చూస్తోంది. పాలపీక తీసి, ఆ సీసా మూతికి సరిపోయిందో లేదో నా చేత్తో బిగించి చూసి మరీ ఇచ్చాను. నాంచారమ్మ దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఇదీ నేను చేసిన పని. మీకు చెప్పాక నిజంగానే తేలికగా ఉంది, ఊపిరి తిన్నగా ఆడుతోంది. సిగ్గులేని ఒళ్ళు, దానికి ఇదే చాలు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. నాగాయలంక వెళ్ళే బస్సు ఏ వేళకి ఉందో కనుక్కున్నాను. ఇవాళ కూడా ఎక్కలేదు. ఆ పసిది ఇవాళ కూడా ఆ సీసాలోనే పాలు తాగి ఉంటుంది.