దేవకుమారి పెద్దమ్మ అడిగే రంగు

మా దేవకుమారి పెద్దమ్మ ఎవరు ఎదురైనా "బాగున్నారా" అని అడగదు. "ఒంటికి వెళ్లావా? ఏ రంగులో వచ్చింది?" అని అడుగుతుంది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది గానీ ఆ ప్రశ్న మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో అందరితో చేతులు కలిపే పాస్టరు గారినీ అడిగింది. ఆ తర్వాత ఆయన పెద్దమ్మ వస్తుంటే పక్క తలుపులోంచి వెళ్లడం నేర్చుకున్నారు. నా పెళ్లిచూపులకొచ్చిన శ్యామ్ సుందర్‌నీ వదల్లేదు. మా అమ్మ తల పట్టుకుంది. అతను కాసేపు ఆలోచించి, "కొంచెం పసుపుగానే వచ్చిందండి" అన్నాడు. నిజం చెప్పే పిల్లాడు, ఖాయం చేసుకోండని పెద్దమ్మ అక్కడికక్కడే తేల్చేసి, అతని చేత రెండు గ్లాసులు తాగించింది. అతనే మా ఆయన.

ఆ గ్లాసుల్లో ఉండేది ఆవిడ ఉప్పునీళ్లు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా మీద గుట్టగా పోస్తే ఒప్పుకోదు, వేలితో చదును చెయ్యాలి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోయిస్తుంది. "చెమటలో నీళ్లే కాదే, ఉప్పూ పోద్ది. పైన వట్టి నీళ్లే పోస్తే మిగిలిన ఉప్పు కూడా పల్చబడుద్ది, పప్పులో నీళ్లెక్కువైనట్టు" అంటుంది.

కిందటి ఏప్రిల్‌లో మా పక్కింటి షారోన్ మిరపకాయల కోత నుంచి వచ్చి, గడప దగ్గరే చెంబుల మీద చెంబులు వట్టి నీళ్లు తాగింది. కాసేపటికి పిక్కలు పట్టేశాయి, మాట తడబడింది, కన్నకూతురినే గుర్తుపట్టలేదు. చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్తే సోడియం బాగా పడిపోయిందన్నారు. షారోన్ మూడు రోజులకు కోలుకుంది. పెద్దమ్మే కోలుకోలేదు. పక్కింటి మనిషిని చూసుకోలేనిదాన్ని నేనేం నర్సునని ఒకటే బాధ.

ఇక కోతకు వెళ్లే పదిమందికీ రోజూ పెద్ద క్యాను నిండా కలిపి ఆటోలో పంపడం మొదలుపెట్టింది. సాయంత్రం క్యాను నిండుగానే తిరిగొచ్చింది. మూడు రోజులూ అదే వరస. పెద్దమ్మకు ఒళ్లు మండి, నా స్కూటీ వెనక ఎక్కి చేలోకి దిగి, సాలు సాలుకీ వెళ్లి తన ప్రశ్న అడిగింది. అందరూ ముసిముసిగా నవ్వుతూ కాయలు కోసుకుంటున్నారు. జాన్‌బీ మాత్రం నడుం ఎత్తి నిలబడింది.

"రంగు సంగతి తర్వాత నర్సమ్మగారూ, వెళ్లడానికి చోటేది? ఇటు హైవే, అటు మగాళ్లు కాయలు ఆరబోసే కల్లం. చేను చూస్తే నడుం దాకా కూడా లేదు. అందుకే ఇంటికెళ్లేదాకా గొంతు తడుపుకోం. షారోనూ అంతే."

ముప్పై ఏళ్లు రంగు అడిగిన మనిషి చోటు సంగతి ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు సరుగుడు కర్రలు, ఒక పార ఆటోలో వేయించి ట్రంకుపెట్టె తెరిచింది. నూలు చీరలు వెలుతురుకు ఎత్తి చూసి, పల్చగా ఉన్నాయని పక్కన పెట్టేసింది. చివరికి రిటైర్మెంటు రోజున పెట్టిన వంకాయరంగు పట్టుచీర తీసింది. మమ్మల్ని ఎన్నడూ ముట్టుకోనివ్వని చీర అది.

"అక్కా, అది పట్టే" అంది అమ్మ.

"అందుకేగా లోపలిది కనపడంది" అంది పెద్దమ్మ.

అలా గట్టు పక్కన గొయ్యి తవ్వించి, చుట్టూ పట్టుగోడలు కట్టించింది. హైవే మీద లారీలు నెమ్మదించాయి. ఒక డ్రైవరైతే పెళ్లనుకుని భోజనాలెప్పుడని అడిగాడు. ఆ సాయంత్రం క్యాను ఖాళీగా తిరిగొచ్చింది. కోతలు అయ్యేదాకా ఆ చీర అక్కడే ఉంది.

క్రిస్మస్‌కు పెద్దమ్మ అదే చీర ఉతికించి కట్టుకొచ్చింది. కుచ్చిళ్లు వంకాయరంగులోనే ఉన్నాయి, పవిట మాత్రం ఎండకు వెలిసిపోయింది. పండగ రద్దీలో పాస్టరు గారికి పక్క తలుపు దాకా వెళ్లే దారి దొరకలేదు. ఎదురుపడ్డాక ఏం మాట్లాడాలో తోచక చీర వంక చూసి, "ఇదేం రంగమ్మా?" అన్నారు.

వెనక వరసలో షారోన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సగం వంకాయ, సగం ఎండండి" అంది పెద్దమ్మ. "నాది చెప్పాను కదా, ఇక మీది చెప్పండి."