మా చిన్నత్తది నాటకం కాదు

చావింట్లో నేను ఏడవలేదట. అందుకని నాకు పొగరట, డిగ్రీ తలకెక్కిందట.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ రెండింటికీ తేడా మావాళ్లకు ఎప్పుడూ తెలియదు.

నిన్న పొద్దున సుబేదారిలో బస్సు దిగుతుంటే నాన్న ఫోన్. "చిన్నత్త పోయింది బిడ్డా. గుండెపోటు."

నాన్న చెల్లెలు. మొన్ననే ఫోన్‌లో నాతో మాట్లాడింది, వాంతులు ఆగట్లేదని, కడుపు రాయిలా అయిందని.

గుండెపోటు కాదు. ఆసుపత్రికి వెళ్లి డాక్టర్‌ని నేనే అడిగాను. పేగు మూసుకుపోయింది. పొట్ట మీద పాత మచ్చ చూపించి "ఈ ఆపరేషన్ ఎప్పటిది?" అన్నాడాయన.

ఎనభైల నాటిది. అప్పుడామెకు ఎనిమిదేళ్లు. అపెండిక్స్ పగిలింది. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో, ప్రతిసారీ నవ్వుతూనే.

"డాక్టర్ గ్లౌజుల నిండ తెల్లపొడి. నా కడుపుల పూరీలు ఒత్తుతడేమో అనుకున్ననే పిల్లా."

పక్కన నర్సమ్మ నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడిందట. "సార్, పొడి కడుక్కోండి. చిన్నపిల్ల, పేగులు అతుక్కుంటయి."

"టైం లేదమ్మా" అన్నాడట ఆయన. తర్వాత మత్తు.

పొడి ఒక్కటే కారణమని నేననను. అపెండిక్స్ పగిలినా పేగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఏళ్ల తర్వాతైనా మూసుకుపోతాయి. కానీ గిన్నె అక్కడే ఉంది. రెండు చేతులు ముంచితే చాలు.

ఇంటికి పంపేరోజు ఆ నర్సమ్మే నానమ్మకు చెప్పింది. "లోపల పేగులు అతుక్కుంటయమ్మా, జర చూస్కోండి. ఎన్నేండ్లకైనా సరే, కడుపుబ్బి వాంతులైతే ఎంటనే తీస్కరండి."

మాది కొత్తవాడలో మగ్గాల ఇల్లు. మా ఇంట్లో అతుకు అంటే మంచి మాట. తెగిన పోగు అతికితేనే బట్ట.

నానమ్మ మొదటి ముక్కే విన్నది. వాడకట్టంతా బెల్లం పంచింది. "నా బిడ్డ పేగులు మంచిగ అతుక్కుంటయట."

నానమ్మ మీద నాకు కోపం లేదు. ఆ మాట విడమరిచి చెప్పినవాళ్లు లేరు ఆమెకు.

నీ మీద ఉంది నాన్నా.

ఆమె నొప్పితో ముడుచుకున్న ప్రతిసారీ "కండెలు చుట్టే దినమే లేస్తది దీనికి నొప్పి, అంత నాటకం" అన్నావు. ఆమె ఒక చేత్తో కడుపు పట్టుకుని ఇంకో చేత్తో రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. మొన్న కూడా "సోడా తాపుండ్రి, తగ్గుతది" అన్నావు.

నేనూ "రేపొస్తా అత్తా" అన్నాను. అదీ రాస్తున్నా.

ఇవాళ పొద్దున "చిన్నత్తది గుండెపోటు కాదు" అని ఒక్క లైన్ పోస్ట్ పెట్టాను. వెంటనే నాన్న మెసేజ్. "తీసెయ్ బిడ్డా, పదిమందిల ఇజ్జత్ పోతాంది."

మీ ఇంట్లో చిన్నప్పుడు కడుపు ఆపరేషన్ అయిన మనిషి ఉంటే, నొప్పి అన్నప్పుడు నమ్మండి. సోడా తాగించకండి.

చిన్నత్తా, ఇక కండెలు లేవు. కడుపు మీంచి చెయ్యి తీసి హాయిగా పడుకో.

పొద్దున పెట్టింది తీసెయ్యను. ఇదీ తీసెయ్యను.