పొడిచిన టెంకలు

దివాణం నుంచి ఫోనొచ్చిన దగ్గర్నుంచీ మా నాన్న కాలు ఒకచోట నిలవలేదు. నాకూ నిలవలేదు గానీ, నా గోల వేరు.

"సినబాబు రమ్మన్నారు. నన్నే, పేరెట్టి మరీ అడిగినారు" అని వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పాతపట్నం అవతల ఉన్న దివాణం వారి కోట తోటలో ఆయన ముప్పై ఏళ్ళు మాలిగా చేశాడు. మానేసి కూడా పాతికేళ్ళు దాటిపోయింది. ఇన్నాళ్ళూ ఉన్నాడో పోయాడో కనుక్కోని వాళ్ళకి ఇప్పుడెందుకు గుర్తొచ్చాడు? అదే నన్ను తొలిచేస్తోంది. నరసన్నపేటలో నాది జాకెట్లు కుట్టే కొట్టు. పెళ్ళిళ్ళ రోజులు, పని గుట్టలా పడి ఉంది. అయినా ఎనభై ఏళ్ళ మనిషిని ఒక్కణ్ణీ పంపలేక షట్టరు దించేసి బయల్దేరాను.

"ఎందుకు రమ్మన్నారో అడగలేదా నాన్నా?" అన్నాను బస్సులో.

"పెద్దోళ్ళని ఎందుకూ ఏటీ అని అడుగుతారేటే?"

ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను గానీ ఏ ఊరు దాటామో కూడా తెలీలేదు.

కోట గేటు దగ్గర ఇప్పుడు టికెట్లు అమ్ముతున్నారు. లోపల పెళ్ళి ఫోటోలు తీయించుకునే జంటలు. ఒకప్పుడు రాణివాసం వాళ్ళు చల్లగాలికి కూర్చునే మండపంలో ఒకమ్మాయి జుట్టు విరబోసుకుని, పైకి చూడమంటే పైకి, కిందకి చూడమంటే కిందకి చూస్తోంది. మా నాన్న గేటు దాటగానే జోళ్ళు విప్పి చేత్తో పట్టుకున్నాడు. బండలు పెనంలా కాలుతున్నాయి. వేసుకోమంటే వినడే! బాబుగారు వచ్చేదాకా ఉండమన్నారు గనక తోటంతా తిప్పి చూపించాడు. ఇక్కడ సంపెంగలుండేవి, ఇక్కడ గులాబీ మళ్ళు, ఇదిగో ఈ నూతి నీళ్ళే అన్నిటికీ. నేను మాత్రం మాటిమాటికీ వాకిలి వైపే చూస్తున్నాను.

తోట చివరికొచ్చి టక్కున ఆగిపోయాడు. అక్కడ మామిడిచెట్టు ఉండాలి. మొదలు ఒక్కటే మిగిలింది. తుఫానుకి పడిపోయిందని గేటు దగ్గర మనిషి చెప్పాడు. నాన్న వంగి ఆ మొదలు మీద అరచెయ్యి ఆనించాడు.

ఆ మామిడి ఇంకెక్కడా లేదు. లేకుండా చేసిందే మా నాన్న. ప్రతి ఎండాకాలం దివాణం వాళ్ళు బంధువులకీ ఆఫీసర్లకీ బుట్టలు పంపేవారు. పంపేముందు ఒక్కో పండుకీ తొడిమ దగ్గర దబ్బనం దింపి, టెంక లోపలి జీడి దాకా పొడవాలి. పండు పండులాగే ఉంటుంది, టెంక మాత్రం మొలవదు. అలాంటి చెట్టు మరొకరి తోటలో ఉండకూడదని దివాణం పంతం. పొడిచే పని మా నాన్నది. రసం చుక్క కారకుండా పొడిచేవాణ్ణని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఆ పళ్ళ వాసన ఆయన చేతుల మీద నేనెరుగుదును గానీ, రుచి ఎరగను.

చినబాబు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాద తెలిసిన కుర్రాడే. కుర్చీలు వేయించాడు. నాన్న కూర్చోలేదు. నేను కూర్చున్నాను.

"తాతా, ఇంక నువ్వే దిక్కు" అన్నాడు. "ఆ మామిడి కోసం తిరగని చోటు లేదు. ఎక్కడా దొరకలేదు. పనిచేసేవాళ్ళు ఒకటో అరో టెంక ఇంటికి పట్టుకెళ్ళడం మామూలే కదా. ఇప్పుడెవరూ ఏమీ అనరు. ఆ చెట్టు ఎక్కడుందో చెప్పు చాలు, అంటు కట్టించుకుంటాం."

అదీ సంగతి! ఇన్నేళ్ళకి దివాణానికి ఒక దొంగ కావలసొచ్చాడు.

నాన్నకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నాను దొంగతనం సేసినానంటారా బాబూ?"

"అయ్యో, అలా కాదు తాతా. చేసుంటే బాగుండునని."

"పొడవకుండా ఒక్కటీ వదల్లేదు బాబూ. మీ తాతగారికి మాటిచ్చినాను."

ఆ కుర్రాడి మొహం పాలిపోయింది. భోంచేసి వెళ్ళండన్నాడు. అక్కర్లేదని చెప్పి నాన్న చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను.

బస్టాపులో ఇంక ఆగలేకపోయాను. "ఒక్కటంటే ఒక్కటి వదిలేస్తే నీ సొమ్మేం పోయేది? ముప్పై ఏళ్ళు! మన పెరట్లో ఒక చెట్టుండేది. ఈరోజు వాళ్ళే మన గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవారు!" పక్కనున్నవాళ్ళు తిరిగి చూస్తున్నా అరిచాను.

ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మీయమ్మ అడిగినాది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు. ఒక్క పండు తెమ్మన్నాది."

అమ్మ పోయి పన్నెండేళ్ళు. ఈ మాట ఎప్పుడూ నాకు చెప్పలేదు.

"అడిగితే కోటలో పెద్దమ్మగారు ఇచ్చీసినారు. పొడిసే తెచ్చినాను."

"అమ్మకిచ్చే పండు కూడానా!"

"మాటంటే మాటే కదే. పండు తిప్పి తొడిమ కాడ సిల్లు సూసినాది. కడుపుతో ఉన్నదానికి సచ్చిన టెంక తెచ్చినావా అనీసి, నా సేతిలోనే తిరిగెట్టీసినాది."

"మరి ఆ పండేం చేశావు?"

"దివాణంలో తిరిగిచ్చీసినాను."

ఆ క్షణంలో మా నాన్న మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. బస్సొచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. చెయ్యి పట్టి ఎక్కించాను.