సెల్లార్ మట్టి

పగ పెట్టుకోవద్దని ప్రతి ఆదివారం చర్చిలో వింటాను. ఆమెన్ అంటాను. బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోపు మా పెదనాన్న కొడుకు మొహం గుర్తొస్తుంది. ఇంకంతే, విన్నదంతా మరిచిపోతాను.

ఎయిర్‌పోర్టు దిక్కు, మంఖాల్ దగ్గర నాకో నిమ్మతోట ఉంది. భూముల బేరాలు చేసే ఆ అన్నకు, దాన్ని ప్లాట్లకు అమ్మించాలని పట్టు. నేను ససేమిరా అన్నాను. ఓ ఎండాకాలం ఆయనే వచ్చి, "చెల్లే, నీ తోట పల్లమున్నది, వానకు నీళ్లు నిలుస్తయి. బడంగ్‌పేట్‌ల బిల్డింగ్ కింద సెల్లార్ తవ్వుతున్నరు, మట్టి ఊకెనే పోపిస్త" అన్నాడు. ఊరికే వచ్చే సెల్లార్ మట్టిని మా దిక్కు వద్దనేవాళ్లు లేరు. నేనూ సంబరపడి, లారీల వాళ్లకు చాయ్ పోసి మరీ, చెట్ల మొదళ్ల చుట్టూ మోకాలెత్తు పోయించుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

మరుసటి ఏడాదికి ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యంతా పసుపు. కొమ్మలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. యూరియా వేశాను, చాలదేమోనని ఇంకా వేశాను. చివరికి ఆకులూ మట్టీ వ్యవసాయ ఆఫీసుకు పట్టుకెళ్లి పరీక్ష చేయించాను. అక్కడి అధికారి నేను తెచ్చిన నిమ్మకాయే కోసి మట్టి మీద పిండాడు. బుసబుసమని నురగ వచ్చింది.

"అంతా సున్నమేనమ్మా. నేలలో జింకు, ఇనుము ఉన్నా చెట్టుకు అందనివ్వదు. కంచంలో అన్నముంది, చేతులు కట్టేసి ఉన్నాయి."

లారీ డ్రైవర్‌ను అడిగితే, "చెట్లకు పనికిరాదని మీ అన్నకు ముందే చెప్పినం కదక్కా" అన్నాడు.

ఆ వారమే అన్న కొనేవాళ్లను వెంటబెట్టుకొని తోటకొచ్చాడు. "చెట్లే సచ్చినంక ఇంకేం తోట చెల్లే, అమ్మెయ్."

"గా మట్టి సంగతి నీకు ముందే ఎరుకనా అన్నా?" అని నిలదీశాను. నెత్తి మీద విమానం దిగుతోంది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఏందీ? చప్పుడుల ఇనొస్తలేదు" అని నవ్వుకుంటూ కారెక్కాడు.

మట్టంతా తవ్వి తీయించాను. పశువుల ఎరువు వేసి, ఆకుల మీద జింకు, ఇనుము మందు కొట్టించాను. పదకొండు చెట్లు పోయాయి, మిగతావి తేరుకున్నాయి. తీసిన మట్టిని మాత్రం పారేయలేదు.

ఆయన బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టాడు. కొత్తింటి ప్రార్థనకు ట్రాక్టర్ నిండా ఆ మట్టీ, ఏపుగా ఉన్న ఒక నిమ్మమొక్కా పంపాను. ఆయన చుట్టాల హడావుడిలో ఉండి ఏ మట్టో చూసుకోలేదు. వదిన మురిసిపోయి వాకిట్లో ఆ మట్టిలోనే నాటించింది. ఆమె మీద నాకేం కోపం లేదు, అయినా పంపాను.

రెండో వానాకాలానికి ఆకులు పసుపెక్కాయి. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్లి చూసొచ్చేదాన్ని. ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో!

మొన్న నేను వాళ్ల మెట్ల మీద కూర్చొని చాయ్ తాగుతుంటే వదిన ఆయన్ను అడిగింది. "ఎన్ని మందులు కొట్టినా గిట్లెందుకైతుంది?"

"మందులు దండుగ. గా మట్టిల సున్నమున్నది, నిమ్మచెట్టు బతకదు" అన్నాడు, చెట్టు మొదట్లో మట్టిని కాలితో కెలికి విసుగ్గా. అన్నాక నన్ను చూశాడు.

పైన విమానమేదీ లేదు. నేను కప్పు కింద పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.

"ఏందన్నా? ఇనొస్తలేదు. జర మళ్లొక్కసారి చెప్పు."